గాడిచర్లవారి జీవితము: పత్రికాస్వాతంత్ర్యము

రాయదుర్గమునుండి మా చందాదారులలో నొకరు, వ్యవసాయదారులు, మాకొక దీర్ఘమైన జాబు వ్రాసియున్నారు. ఆ పట్టణమున ఇటీవల జరిగిన యొక సభలో ఒక వక్త తెలుగు పత్రికలను గూర్చి ప్రసంగించుచు, ఇవి యన్నియు ఎవరో యొకరి మోచేతినీరు త్రాగి బ్రతుకునవియే యని నిందించి, అందులకు సాక్ష్యముగా తమ చేతనున్న చీటినుండి కొన్ని వాక్యములు చదివిరట. వానిలో నొకటి మా సంపాదకీయములోనిది. వేరుసెనగ పంట అన్నియెడల పోలేదని మేము వ్రాసినట్లు ఆ వాక్యము చెప్పుచున్నది. కరవును కప్పిపుచ్చుటకే మేమట్లు వ్రాసితిమని వక్త వ్యాఖ్యానించిరి. సభవారు చప్పట్లు కొట్టిరి. జాబు వ్రాసిన పెద్దలు మాత్రము ఊరకుండలేదు. మరునాడు గ్రంథాలయమునకు పోయి, పాత సంచికల కట్ట విప్పించి, ఆ సంపాదకీయమును మొదటినుండి తుదివరకు చదివిరి. పంట అన్నియెడల పోలేదన్నది సగము వాక్యమే. దక్కిన పంట రైతు అప్పునకు వడ్డికైనను చాలదన్నది తక్కిన సగము.

ఆ పెద్దలు మమ్ము రెండు ప్రశ్నలడిగినారు. పత్రిక నిజముగా స్వతంత్రమేనా? పత్రికను విమర్శించువారు ఎత్తిచూపు వాక్యములను నమ్మవచ్చునా? మొదటి ప్రశ్న మాకు కష్టమైనది. రెండవది మాకు అనుకూలముగా తోచునది. అనుకూలమైన ప్రశ్నకు సమాధానము చెప్పి కష్టమైనదానిని దాటవేయుట సంపాదకులకు వెన్నతో పెట్టిన విద్య. మేమట్లు చేయదలచలేదు.

ఈ ప్రశ్నలు రాయదుర్గమునుండి వచ్చుటలో వింతలేదు. మెట్టసీమలో అక్షరమునకు గల విలువ మాగాణిసీమలో నున్నవారికి సులభముగా తెలియదు. ఇచట వాన కురిసినదా లేదా యనుట ఆకాశమునకును రైతునకును మాత్రమే సంబంధించిన విషయము కాదు. కురియలేదని కాగితముమీద ఎక్కిననే గాని పన్ను ఆగదు, పని దొరకదు, గడ్డి రాదు. 1876వ సంవత్సరమునుండి 1878 వరకు దక్షిణదేశమును పీడించిన మహాక్షామములో బళ్లారి మండలము మిక్కిలి నష్టపడినవానిలో నొకటి; రాయదుర్గము అప్పుడు ఆ మండలములోనిదే. ఆ క్షామచరిత్రను రెండు సంపుటములుగా 1878లో ప్రకటించిన విలియం డిగ్బీ మదరాసులోని యొక ఇంగ్లీషు పత్రికకు సంపాదకుడు. పాలకజాతివాడైనను, పాలకుల లెక్కలతో తృప్తిపడక తన కన్నులతో చూచినదానిని వ్రాసెను. మరల 1953లో ఆంధ్రరాష్ట్రము ఏర్పడినప్పుడు బళ్లారి మండలమునుండి ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమున చేరినవి. ఆ వివాదదినములలో ఒకే యూరిని గూర్చి తెలుగు పత్రిక యొకటి చెప్పగా కన్నడ పత్రిక మరియొకటి చెప్పెడిది. రెండు భాషలును చదువనేర్చిన రాయదుర్గమువారికి వార్తను సరిపోల్చి చూచు అలవాటు అప్పటినుండియు కలదు.

మా సమాధానమును మేము వాదరూపమున గాక ఒక మహనీయుని జీవితకథగా చెప్పనెంచితిమి. ఆయన మన రాయలసీమబిడ్డ, పత్రికలో వ్రాసిన వ్రాతకై చెరసాలకు పోయిన తొలి యాంధ్రుడని ప్రసిద్ధి చెందినవారు, ఆంధ్రతిలకుడని పేరొందినవారు. వారే గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు. ఈ కథయందు ఆయన వాక్యముగాని ఆయన ప్రత్యర్థుల వాక్యముగాని ఒక్కటియు ఎత్తి చూపబోము. కారణము తుదకు విశదమగును.

హరిసర్వోత్తమరావుగారు 1883వ సంవత్సరము సెప్టెంబరు 14వ తేదీన కర్నూలులో జన్మించిరి. సీమలోని బడులలో చదివి, మదరాసు క్రైస్తవ కళాశాలలో చేరి, 1906లో ఎం.ఏ. పట్టము పొందిరి. ఆ దినములలో ఆ పట్టము చేతనున్న తెలుగు యువకునకు సర్కారు కొలువు తలుపు తెరచియుండెడిది. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు మొదలగు పెద్దలు 1906లో హైదరాబాదున విజ్ఞానచంద్రికా గ్రంథమండలిని స్థాపించి, దేశభాషలో శాస్త్రములను చరిత్రలను ప్రకటింప పూనుకొనిరి. ఆ మండలివారి తొలి ప్రచురణమును రచించు భాగ్యము ఈ యువకునకే లభించినది. అది అబ్రహాము లింకను చరిత్రము, 1907లో వెలువడినది. బానిసత్వమును తొలగించుటకై ప్రాణములొడ్డిన పరదేశీయుని కథను తెలుగువారికి చెప్పుటతో ఆయన సాహిత్యజీవితము ప్రారంభమైనది.

ఉపాధ్యాయవృత్తికి తగిన శిక్షణము పొందుటకు ఆయన రాజమహేంద్రవరము చేరిరి. 1907వ సంవత్సరము ఏప్రిలు మాసమున వంగదేశపు వక్త బిపినచంద్ర పాలుగారు ఆంధ్రదేశమున సంచరించి రాజమహేంద్రవరమున ఉపన్యసించిరి. ఆ ఉపన్యాసములు విన్న విద్యార్థులు వందేమాతర చిహ్నములను ధరించి కళాశాలకు పోసాగిరి. అధ్యక్షుడగు మార్కు హంటరు దొర దీనిని సహింపక పలువురు విద్యార్థులను శిక్షించెను. వారిలో ముఖ్యులు హరిసర్వోత్తమరావుగారు. కళాశాలనుండి వెడలగొట్టబడుటయే కాక సర్కారు కొలువునకును వారు దూరులైరి. ఇరువదిమూడేండ్ల వయస్సులో, చదువు పూర్తిచేసిన చేతులతో, బ్రతుకుదెరువు లేని వీధిలో నిలువవలసి వచ్చినది.

ఆయన ఎన్నుకొన్న మార్గము పత్రిక. 1908లో బెజవాడనుండి స్వరాజ్య యను వారపత్రికను నడపిరి. పేరే నేరముగా తోచు కాలమది. ఆ సంవత్సరము మార్చి నెలలో తిరునల్వేలి ప్రాంతమున స్వదేశీ నావికాసంఘ స్థాపకులగు చిదంబరం పిళ్లగారిని, సుబ్రహ్మణ్య శివగారిని ప్రభుత్వమువారు నిర్బంధించిరి. మరునాడు జనులు అల్లరిచేయగా పోలీసులు తుపాకులు కాల్చిరి; కొందరు మృతులైరి. ఈ దారుణమును గూర్చి స్వరాజ్య పత్రిక తీవ్రముగా వ్రాసెను. పరప్రభుత్వమును క్రూరమృగముతో పోల్చి, ప్రజలను చంపి పాలించువారి బుద్ధిని నిరసించెను. ప్రభుత్వమువారు హరిసర్వోత్తమరావుగారిని, ప్రకాశకులగు బోడి నారాయణరావుగారిని రాజద్రోహనేరముపై పట్టుకొనిరి. హరిసర్వోత్తమరావుగారికి తుదకు మూడేండ్ల కఠినశిక్ష పడినది. శిక్షాస్మృతి 124-ఏ విభాగము ప్రకారము ద్వీపాంతరవాసము కాక చెరసాలవాసము విధింపదలచినప్పుడు అంతకు మించిన గడువు లేదు.

ఇచట పాఠకులు ఒక విషయమును గమనింపవలయును. బెజవాడలో తెలుగున అచ్చైన వ్యాసమును మదరాసులోని దొరలు ఎట్లు చదివిరి? వారికి తెలుగు రాదు. వచ్చినను అది కచేరీ తెలుగే. దేశభాషాపత్రికలను చదివి, వానిలో ఆక్షేపణీయములని తోచిన భాగములను ఇంగ్లీషులోనికి మార్చి, వారమువారము రహస్యముగా అచ్చువేయించి అధికారులకు పంపుటకై ప్రభుత్వమువారు అనువాదకులను నియమించియుండిరి. ఒక్కొక్క పత్రికకు కొన్ని పంక్తులు. ఒక్కొక్క వ్యాసమునకు ఒకటి రెండు వాక్యములు. కార్యదర్శి చూచునది ఆ పంక్తులనే. వ్యాసమున ముందు నేమున్నది, వెనుక నేమున్నది, ఏ సంఘటనకై ఆ కోపము పుట్టినది, అను విషయములు ఆ కాగితముమీదికి వచ్చునో రావో అనువాదకుని యిష్టము. పత్రికకు నాడు అతి శ్రద్ధగల పాఠకుడు ప్రభుత్వమే. అయినను ఆ పాఠకుడు పత్రికను ఎన్నడును చేత పట్టలేదు!

ఇది మా ఊహ మాత్రమే కాదు. ఆ సంవత్సరమే జూలై మాసమున బొంబాయి ఉన్నతన్యాయస్థానమున లోకమాన్య తిలకుగారి విచారణ జరిగెను. ఆయనపై వచ్చిన అభియోగమునకు ఆధారము కేసరి పత్రికలోని మరాఠీ వ్యాసములు. తిలకుగారు న్యాయవాదిని పెట్టుకొనక తామే వాదించుచు, ప్రభుత్వ అనువాదకుని బోనులో నిలిపి, మరాఠీ మాటలకు అతడు పెట్టిన ఇంగ్లీషు అర్థములను ఒక్కొక్కటిగా ప్రశ్నించిరి. మాటకు మూలములో లేని విషము అనువాదమున ఎట్లు చేరినదో చూపుటకు దినములకొలది శ్రమించిరి. తొమ్మండుగురు జూరీలలో ఏడుగురు యూరోపియనులు, ఇరువురు పారసీకులు. ఏడుగురు నేరస్థుడనిరి; ఇరువురు కాదనిరి. ఆరేండ్ల ప్రవాసశిక్ష పడినది. మూలమును చదువలేనివారు మూలమునకు తీర్పు చెప్పిన వ్యవహారమది.

మేము సత్యమును సగము చెప్పరాదు. స్వరాజ్య పత్రికలోని వ్యాసము మెత్తనిది కాదు. అనువాదకుడు ఎంత నిజాయితీతో మార్చినను అది కటువుగానే యుండును. హరిసర్వోత్తమరావుగారు కటువుగా వ్రాయవలెననియే వ్రాసిరి. కాని కోపవాక్యమునకు గల న్యాయము దాని కారణమునందున్నది. తిరునల్వేలి వీధిలో పడిన శవములను తొలగించి, వానిని చూచి ఏడ్చినవాని కేకను మాత్రము న్యాయస్థానమున వినిపించినచో ఆ కేక ఉన్మాదమువలె వినబడును. మాటను మార్చుట ఒక మోసము. మాటను మార్చక దాని చుట్టునున్న లోకమును మాయము చేయుట మరియొక మోసము. రెండవది పట్టుబడుట కష్టము. ఎందుచేత ననగా ప్రతి అక్షరమును నిజమే!

వెల్లూరు చెరసాలలో ఆయన సామాన్య నేరస్థులతో సమానముగా కఠినశిక్ష ననుభవించిరి. రాజకీయఖైదీకి ప్రత్యేక గౌరవమనునది అప్పటికి ఊహకు రాలేదు. స్వరాజ్య పత్రిక నిలిచిపోయినది. విడుదలయై వచ్చిన పిదప లోకము వేరొక శిక్ష విధించినది. పోలీసుల దృష్టిలో పడుదుమను భయముచే పరిచితులు పలుకరించుటకు జంకిరి. అట్టి సమయమున చేయి చాచినవారు కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు. మదరాసులో తాము సాగించుచున్న ఆంధ్రవిజ్ఞానసర్వస్వపు పనిలో ఆయనకు స్థానమిచ్చిరి. చెర వెడలినవాడు నిఘంటువులు, శాస్త్రగ్రంథములు, చరిత్రలు ముందు వేసికొని కూర్చుండి, ప్రతి విషయమునకును ఆధారము వెదకి వ్రాయు పనిలో దిగెను. ఆవేశముతో వ్రాసిన కలమునకు ఇది గొప్ప అభ్యాసము.

పిమ్మట ఆయన మరల పత్రికారంగమున ప్రవేశించిరి. కాశీనాథుని నాగేశ్వరరావుగారు 1908లో బొంబాయిలో వారపత్రికగా ప్రారంభించిన ఆంధ్రపత్రిక 1914వ సంవత్సరము ఏప్రిలు 1వ తేదీనుండి మదరాసున దినపత్రికయైనది. హరిసర్వోత్తమరావుగారు ఆ పత్రికలో పనిచేసిరి. వేరు పత్రికలను కూడ నడపిరి. 1916లో అనీబిసెంటమ్మగారి హోంరూలు ఉద్యమము బయలుదేరగా ఆంధ్రదేశమున దాని వ్యాప్తికి పాటుపడిరి. ఆ కాలపు పత్రికల మెడపై 1910వ సంవత్సరపు ముద్రణచట్టము కత్తివలె వ్రేలాడుచుండెను. క్రొత్త ముద్రణాలయమువారు 500 మొదలు 2,000 రూపాయల వరకు ధరావతు కట్టవలయును. వ్రాత సర్కారునకు నచ్చనిచో ధరావతు పోవును. మరల తెరువదలచినచో 10,000 వరకు కట్టవలయును. బిసెంటమ్మగారి న్యూ ఇండియా పత్రిక 1916లో 2,000 రూపాయలు పోగొట్టుకొని 10,000 కట్టినది. చెరసాల వ్రాసినవానిని భయపెట్టును. ధరావతు అచ్చువేయువానినే భయపెట్టును. రెండవ భయమునకు శబ్దము లేదు. వ్యాసము పుట్టకమునుపే చచ్చును. దానికి సంతాపసభయు జరుగదు.

ఇచటనే రాయదుర్గపు పెద్దల మొదటి ప్రశ్న ఎదురగుచున్నది. ఆంధ్రపత్రిక ఎవరి ధనముతో బ్రతికినది? అమృతాంజనము అమ్మిన ధనముతో. నాగేశ్వరరావుగారు 1893లో ప్రారంభించిన ఆ వ్యాపారము పత్రిక నష్టములను మోసినది. అది స్వాతంత్ర్యమా? యజమాని నాగేశ్వరరావుగారగుటచే అది స్వాతంత్ర్యమైనది. యజమాని మరియొకడైనచో అదే ధనము సంకెల కావచ్చును. తెలుగువారు పెంచిన స్వరాజ్య పత్రికలు రెండు కలవు. మొదటిది గాడిచర్లవారిది, చట్టము దానిని చంపినది. రెండవది టంగుటూరి ప్రకాశముగారు 1921లో మదరాసున స్థాపించిన ఇంగ్లీషు దినపత్రిక. లక్షలార్జించిన న్యాయవాది తన యార్జన యంతయు దానికి ధారపోసినను అది 1930వ దశకమున అప్పులచే ఆగిపోయినది. ఒకదానిని దొర చంపెను. మరియొకదానిని ఖాతాపుస్తకము చంపెను. పత్రికాస్వాతంత్ర్యమునకు శత్రువు సర్కారొక్కటియే యనుకొనువారు ఈ రెండవ చావును మరచుచున్నారు.

హరిసర్వోత్తమరావుగారి జీవితములోని ఉత్తరార్ధమును చూచువారికి ఒక ఆశ్చర్యము కలుగును. పత్రికాధిపతిగా పేరు, ధనము గడింపగల సమర్థుడు క్రమముగా తన శక్తినంతటిని గ్రంథాలయములపై, వయోజనవిద్యపై వెచ్చించెను. 1914లో బెజవాడలో పుట్టిన ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమునకు చిరకాలము అధ్యక్షులుగా నుండి, ఊరూర తిరిగి పఠనమందిరములను, రాత్రిబడులను ప్రోత్సహించిరి. పెద్దవారికి చదువు చెప్పు విధానమును గూర్చి వ్రాసిరి, శిక్షణ నిప్పించిరి. ఇది రాజకీయమునుండి విరమించుట యని కొందరు తలచిరి. మాకట్లు తోచదు. పత్రికను స్వతంత్రముగా నుంచునది సంపాదకుని ధైర్యమొక్కటియే కాదు. చదువగల పాఠకుడును, చదివినదానిని మరల తీసి చూచుకొనుటకొక చోటును కావలయును. ఎవరో తీసిన పంక్తులచే చెరకు పోయిన మనిషి, ఎవరును తీయని పూర్తిగ్రంథము ప్రజలచేతనుండవలెనని శేషజీవితము పాటుపడినాడు. ఆయన ఈ సంబంధమును చెప్పెనో లేదో మేము చెప్పము; ఆయన చేసిన పనులలో అది కానవచ్చుచున్నది.

సీమ పేరు విషయమున గూడ ఇట్టి కథయే కలదు. 1800లో నిజాము కంపెనీవారికి ఒప్పగించుటచే మన మండలములకు దత్తమండలములను పేరు వచ్చినది. అది ప్రజలు పెట్టుకొన్న పేరు కాదు. ఇచ్చినవాడును పుచ్చుకొన్నవాడును వ్రాసికొన్న పత్రములోని మాట. 1928లో నంద్యాలలో జరిగిన సభల సందర్భమున దానిని విడిచి రాయలసీమ యను నామమును స్వీకరించిరి. ఆ నామమును గూర్చి చెప్పునప్పుడు చిలుకూరి నారాయణరావుగారిని, గాడిచర్లవారిని చరిత్రకారులు స్మరించుచుందురు. ఇతరులు తమ కాగితములలో మనలను గూర్చి వ్రాసిన మాటనే మన మాటగా పలుకుట మానుటయు స్వాతంత్ర్యములో నొక భాగమే.

హరిసర్వోత్తమరావుగారు 1960వ సంవత్సరము ఫిబ్రవరి 29వ తేదీన పరమపదించిరి. తాము కలగన్న స్వరాజ్యమును, ఆంధ్రప్రదేశమును కన్నులార చూచియే వెడలిరి.

ఇప్పుడు మేము ఆయన వాక్యములను ఎత్తి చూపకపోవుటకు కారణము చెప్పెదము. ఆనాటి చిన్న పత్రికలలో ఎన్నియో చెదలకు, వానకు, పోలీసు సోదాలకు ఆహుతియైనవి. చరిత్రకారులు నేడు ఆ పత్రికలను గూర్చి తెలిసికొనుటకు పెక్కుచోట్ల మిగిలిన ఆధారము, ప్రభుత్వ అనువాదకులు రహస్యముగా అచ్చువేసిన ఆ వారపు నివేదికలే. కాలవైపరీత్యమెట్టిదో చూడుడు! పత్రికను శిక్షించుటకు తీసిన ముక్కలే పత్రికకు స్మారకములైనవి. ఆ ఇంగ్లీషు ముక్కలను మరల తెలుగు చేసి, రెండు కొమ్ముల నడుమ పెట్టి, ఫలానా దేశభక్తుడు ఇట్లు వ్రాసెనని ప్రకటించు గ్రంథములును వ్యాసములును గలవు. చదువరి అది ఆయన స్వరమనుకొనును. అది సర్కారు గుమాస్తా స్వరమునకు ప్రతిధ్వని. మూలమును చేత పట్టనిదే కొమ్ములు పెట్టుట మాకు ఇష్టము లేకపోయినది. అందుచే ఆయన చేసినదానిని చెప్పితిమి, పలికినదానిని విడిచితిమి.

గాడిచర్లవారి కాలమునుండి మన కాలమునకు చట్టములు మారినవి. 1950లో రాజ్యాంగము భావప్రకటన స్వాతంత్ర్యమును ప్రాథమికహక్కుగా ప్రకటించినది. అయినను 1975 జూన్ మొదలు 1977 మార్చి వరకు నడచిన అత్యవసర పరిస్థితిలో, అచ్చునకు ముందే వార్తలను పరీక్షించు పద్ధతి స్వదేశీయుల పాలనయందే వచ్చెను. ఆయనను చెరకు పంపిన 124-ఏ విభాగపు ప్రయోగమును సర్వోన్నత న్యాయస్థానము 2022 మే నెలలో నిలిపివేసినది. 2024 జూలై 1వ తేదీనుండి పాత శిక్షాస్మృతి స్థానమున క్రొత్త సంహిత అమలులోనికి వచ్చినది. దేశసమైక్యతకు భంగకరమైన వ్రాతను శిక్షించు విభాగము అందును కలదు. ధరావతు పేరు వినబడదు గాని, ప్రకటనలు నిలుచునను భయము, యజమాని యితర వ్యాపారములకు చిక్కులు వచ్చునను భయము, అదే పని చేయుచున్నవి. అట్లే అనువాదకుని ఉద్యోగము పోయినది గాని అతని పని పోలేదు. ఇప్పుడు ప్రతివాని చేతిలోని ఫోనును ఆ వారపు నివేదికయే. శీర్షిక మాత్రము, ఉపన్యాసములో అరనిమిషము మాత్రము, వాక్యములో సగము మాత్రము ఊరూర పరుగెత్తుచున్నది.

రాయదుర్గపు పెద్దలకు మా సమాధానమిది. పత్రిక స్వతంత్రమా యనగా, ఏ పత్రికయు ఒకసారి స్వతంత్రమై శాశ్వతముగా అట్లు నిలిచిపోదు. ప్రతిదినమును ఏదో యొక వాక్యము అచ్చువేయవలెనా వలదా యను సంశయము వచ్చును. ఆ దినమున అది నష్టమునకు సిద్ధపడినచో ఆ దినమునకు స్వతంత్రము. లేనిచో ఆ దినమునకు దాసి. ప్రభుత్వ ప్రకటనలు ముద్రించు పత్రికయంతయు అబద్ధమనుట న్యాయము కాదు. ముద్రించియు మాకేమియు కాలేదని గొప్పలు చెప్పుకొనుటయు న్యాయము కాదు. ధనము ఎచటినుండి వచ్చుచున్నదో పాఠకునకు తెలిసియుండుట కనీసధర్మము.

విమర్శకుల వాక్యములను నమ్మవచ్చునా యనగా, వాక్యముతోపాటు సంచిక తేదీని, పుటను చెప్పువానిని నమ్ముటకు ప్రారంభింపవచ్చును, చెప్పనివానిని అడుగవలయును. తప్పుగా ఎత్తిచూపినంత మాత్రమున ఆతని ఆరోపణమంతయు అబద్ధమని మేము తేల్చుకొనరాదు. సగము వాక్యము చదివినవాడు నిజమైన రోగమునకు తప్పుడు సాక్ష్యము తెచ్చియుండవచ్చును. సాక్ష్యము కొట్టివేసినంతలో రోగము నయము కాదు. మా పక్షపు పత్రికలును ఈ దోషమునకు అతీతములు కావు. స్వాతంత్ర్యసమర కాలముననే ప్రతిపక్షుల ఉపన్యాసములనుండి మాకు కావలసినంత తీసి, మాకు అక్కరలేనిది విడిచిన సందర్భములు మా వృత్తిలో లేకపోలేదు. సర్కారు అనువాదకుడు చేసిన పాపము దేశభక్తుడు చేసినచో పుణ్యము కాదు.

ఆ సభలోని వక్త మా వాక్యమును సగము చదివిరి. ఆ విషయమున వారు తప్పు. కాని వారు మరియొక మాట గూడ అనిరని జాబులో వ్రాసియున్నది. ఆ వారమున మా పత్రిక మొదటి పుటలో సగము భాగము ప్రకటనయట. రాయదుర్గపు కరవు వార్త ఏడవ పుటలో ఎనిమిది పంక్తులట. మేమును సంచిక తీసి చూచితిమి. నిజమే. పంక్తులు తొమ్మిది. దీనికి మావద్ద జవాబు లేదు. దిద్దుబాటు మాత్రము కలదు. రెండవ సగము వాక్యమును వెదకి మమ్ము కాపాడిన గ్రంథాలయమే ఈ ఏడవ పుటను చూపి మమ్ము పట్టియిచ్చినది. హరిసర్వోత్తమరావుగారు ఊరూర తలుపులు తెరిపించినది ఇందులకే. రాయదుర్గమువారు ఆ కట్టను మరల కట్టి అటకపై పెట్టవలదని మా మనవి.